బ్యాండ్ కట్టుకొని ఇంటర్వ్యూకు వెళ్ళిన మంజుల

నారాయణగూడ చౌరస్తా వెనక గల్లీలో ఒక లా కాలేజీ ఉండేది. కింద జిరాక్స్ షాపు, పైన కాలేజీ. పరీక్షలప్పుడు అసలు చదువంతా కింది షాపులోనే జరుగుతుందని విద్యార్థులే నవ్వుకునేవారు. 2012లో మంజుల అక్కడ ఎల్‌ఎల్‌బీ ఆఖరి సంవత్సరానికి వచ్చింది. జనగామ దగ్గరి పల్లె పిల్ల. సన్నగా, నల్లగా, నెమ్మదిగా ఉండేది కానీ ఒకటి అనుకుందంటే చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పినా వినే రకం కాదు.

ఉండేది అశోక్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో. అశోక్ నగర్ సంగతి మీకు తెలిసిందే. అక్కడ టీ తాగేవాళ్ళూ, బట్టలుతికేవాళ్ళూ, బస్సు కోసం నిలబడ్డవాళ్ళూ అందరూ గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతూనే ఉంటారు. మంజుల గదిలోని జ్యోత్స్న కూడా అంతే. కరీంనగర్ నుంచి గ్రూప్ టూ కోసం వచ్చిన పిల్ల. పళ్ళు తోముకుంటూ రాజ్యాంగం వల్లె వేసేది. నోట్లో పేస్టుతో ఆ పిల్ల ప్రాథమిక హక్కులు చదువుతుంటే వినడం ఒక శిక్ష.

"నీకెందుకే ఈ కోర్టు పరేషాన్? వకీళ్ళకు జీతాలుండయి, సెలవులుండయి. నాతోని లైబ్రరీకి రా, ఇద్దరం గ్రూప్స్ రాద్దాం" అనేది జ్యోత్స్న.

"నువ్వు రాయి. నేను కోర్టుకే పోత" అనేది మంజుల. రోజూ ఇదే మాట, ఇదే జవాబు.

ఆ పట్టుదల ఊరికే వచ్చింది కాదు. మంజుల తండ్రి మొగిలయ్యకు ఊళ్ళో పొలం గట్టు మీద ఒక తగాదా ఉంది. జనగామ కోర్టులో అది ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి మంజుల తండ్రితో పాటు వాయిదాకు వెళ్ళింది. పేరు పిలిచారు. వాళ్ళ వకీలుగారి జూనియర్ లేచి ఇంగ్లీషులో ఏదో ఒక్క ముక్క అన్నాడు. జడ్జిగారు తల ఊపారు. అంతే, అయిపోయింది. మొగిలయ్య వరండాలో ఆ జూనియర్ వెంటపడి "ఏమైంది సారూ?" అంటే, "వాయిదా పడ్డది, పో" అని అతను మెట్లు దిగిపోయాడు. బస్సులో మొగిలయ్య కూతుర్ని అడిగాడు, "జడ్జి ఏమన్నడు బిడ్డా? నువ్వు చదువుకున్నవు గదా." మంజులకు కూడా ఏమీ అర్థం కాలేదు. ఆ మాట తండ్రితో చెప్పడానికి సిగ్గుతో చచ్చిపోయింది. లేచి నిలబడి ఆ ఒక్క ముక్క తనే చెప్పాలని, చెప్పి బయటికొచ్చి అదేమిటో మనిషికి అర్థమయ్యేలా వివరించాలని ఆ బస్సులోనే నిశ్చయించుకుంది.

మొగిలయ్య మంచివాడు. కూతురు లా చదువుతానంటే కాదనలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. "చదువయ్యేదాక నేను అడ్డం రాను. పరీక్షలైనంక పట్నంల కొలువు దొరికితె ఉండు. దొరకకుంటె ఇంటికి రావాలె. జనగామ బడిల టీచర్ కొలువు ఉన్నది, మాట్లాడిపెట్టిన." టీచరు పని తక్కువదేమీ కాదు. కానీ ఒకసారి ఆ బడిలో చేరితే మళ్ళీ కోర్టు గడప తొక్కనని మంజులకు బాగా తెలుసు. పరీక్షలు వచ్చే వేసవిలో. ఉన్న గడువంతా అదే.

కొలువు కోసం ముందు వెళ్ళింది కాలేజీలోని ప్లేస్‌మెంట్ సెల్‌కే. లైబ్రరీ పక్కన ఒక చిన్న గది. గోడ మీద రెండు చేతులు కరచాలనం చేస్తున్న పోస్టరు, కొలువు కోరే పిల్లల పేర్లు రాసిన ఒక తెల్ల బోర్డు, గుడ్డ కప్పిన కంప్యూటరు. ఆ గదికి అధిపతి ఉదయ్ కుమార్ సార్. ఎంబీఏ చదివాడు. నడి ఎండాకాలంలో కూడా టై కట్టుకునేవాడు. పిల్లల మేలు కోరేవాడే, ఆ మాట కాదనకూడదు. కాకపోతే లా కాలేజీలో పనిచేస్తూ ఒక్కనాడూ కోర్టు మొహం చూడలేదు.

వారానికొకసారి ఆయన ఇంటర్వ్యూ క్లాసు పెట్టేవాడు. చెయ్యి ఎలా కలపాలి, కుర్చీలో ఎంత మేరకు కూర్చోవాలి, నవ్వు ఎక్కడ ఆపాలి, అన్నీ చెప్పేవాడు.

"అయిదేండ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నవమ్మా?" అని మంజులను అడిగాడు.

"కోర్టుల సార్."

"కోర్టు అనొద్దమ్మా. కోర్టంటె కంపెనీలోళ్ళు పరేషాన్ అయితరు. 'మీ సంస్థతో పాటు ఎదుగుతూ' అనాలె."

"సార్, సీనియర్ వకీళ్ళ ఆఫీసులకు మన సెల్ నుంచి పంపరా?"

"అది ప్లేస్‌మెంట్ కాదమ్మా. అదంతా తెలిసినోళ్ళుంటె దొరుకుతది. నీకెవరన్న తెలుసా?"

"తెల్వదు సార్."

"మరి?" అన్నాడాయన. ఆ 'మరి'కి మంజుల దగ్గర జవాబు లేదు.

జవాబు లేకపోతే వెతుక్కోవాలి కదా. ఆ చలికాలమంతా సాయంత్రాలు చిక్కడపల్లి గల్లీల్లో నేమ్‌ప్లేట్లు చదువుకుంటూ తిరిగింది. హైదరాబాదు వకీళ్ళలో చాలామందికి ఇంటి ముందు గదే ఆఫీసు. పొద్దున కోర్టు, సాయంత్రం ఇంట్లో క్లయింట్లు. అడ్వకేటు అని రాసి ఉన్న ప్రతి గేటూ తీసింది. లోపల ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. "ఎవరు పంపిన్రు?" ఎవరూ పంపలేదు, నేనే వచ్చాను అని చెప్పేసరికి అవతలి ముఖం మారిపోయేది. ఒకాయన దసరా తర్వాత రమ్మన్నాడు, దసరా వెళ్ళిపోయి చాలా రోజులైందని ఆయనకు గుర్తు లేనట్టుంది. ఇంకొకాయన "ఆడపిల్లవు, ఇక్కడ రాత్రయితది" అన్నాడు. తన పక్క కుర్చీల్లో ఇద్దరు మగ జూనియర్లు ఖాళీగా కూర్చొని ఉన్నా సరే. వినీ వినీ మంజులకు ఆ ప్రశ్న అంటేనే ఒళ్ళు మండేది. అయినా మర్నాడు ఇంకో గల్లీకి వెళ్ళేది.

ఫిబ్రవరిలో కాలేజీకి ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. ఆఫీసు బషీర్‌బాగ్‌లో. అమెరికా వకీళ్ళ కాగితాలు ఇక్కడ కూర్చొని చదివి, వేరు చేసి పంపడం వాళ్ళ పని. రాత పరీక్షలో మంజుల నెగ్గింది. కోర్టు కాదు గానీ పట్నంలో ఉండనిచ్చే కొలువు, ముందు నిలదొక్కుకుంటే కోర్టు సంగతి తర్వాత చూసుకోవచ్చని మనసుకు నచ్చజెప్పుకుంది. "బ్లాక్ కోటు కంపల్సరీ. నీట్‌గ పోండ్రి" అన్నాడు ఉదయ్ కుమార్.

మంజులకు కోటు లేదు. కాలేజీలో మూట్ కోర్టు అని ఉత్తుత్తి వాదనల పోటీ జరుగుతుంది. దానికోసం అల్మారాలో నాలుగు నల్లకోట్లు, మెడకు కట్టుకునే తెల్లబ్యాండ్లు ఉంటాయి. ఒక కోటు అడిగి తెచ్చుకుంది. మూట్ కోర్టులో బ్యాండ్ లేకుండా కోటు తొడిగితే మార్కులు కోసేవారు. రెండేళ్ళ అలవాటు, రెండేళ్ళ భయం. కోటు తొడిగిన చెయ్యి దానంతటదే బ్యాండ్ కోసం వెళ్ళింది. జ్యోత్స్న వెనక నిలబడి ముడి వేసి, "అచ్చం వకీల్ లెక్కనే ఉన్నవే!" అని మురిసిపోయింది. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయిన అడ్వకేటు తప్ప ఇంకెవరూ బ్యాండ్ కట్టకూడదన్న సంగతి మంజుల పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే. ఆ పొద్దు మాత్రం అది గుర్తుకు రాలేదు.

హాస్టల్ నుంచి దోమలగూడ మీదుగా నడుచుకుంటూ బయల్దేరింది. హిమాయత్‌నగర్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆమెను చూసి చెయ్యెత్తి ఆటోలను ఆపాడు. ఇదేదో శుభశకునం అనుకుంది పిచ్చిపిల్ల.

కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. హెచ్‌ఆర్ వాళ్ళను కలవాలని మంజుల చెప్పగానే ఫోన్‌లో గొంతు తగ్గించి ఏదో అన్నాడు. ఇంటర్వ్యూకు వచ్చిన మిగతా పిల్లలు బయట బెంచీ మీద కూర్చొని ఉంటే, ఆమెను ఒక్కదాన్నే లోపల ఏసీ గదికి తీసుకుపోయారు. మంచినీళ్ళ సీసా పెట్టారు. సాసరుతో సహా కాఫీ వచ్చింది. పరీక్షలో బాగా రాసినవాళ్ళకు ఇలా చేస్తారేమో అనుకొని మంజుల ఒక గుక్క తాగింది.

ఇంతలో మేనేజరు, ఆయన వెనక హెచ్‌ఆర్ మేడం ఇద్దరూ దాదాపు పరుగున వచ్చారు. ఆ ఏసీలో కూడా మేనేజరు నుదురు తుడుచుకుంటున్నాడు.

"మీరు చిక్కడపల్లి మనోరమ మేడం ఆఫీస్ నుంచే కదా? ప్రహ్లాద్ కేసు గురించి. మేడం నోటీస్ చూసినం. ఇది లేబర్ కోర్టు దాక ఎందుకండీ?" అని మొదలుపెట్టాడు. మంజుల "సార్, నేను..." అంది. ఆయన ఆగలేదు. ప్రహ్లాద్ అనే ఉద్యోగిని ఆ కంపెనీ ఒక్క మెయిల్‌తో తీసేసిందట. అతని తరఫున మనోరమ అనే లాయరు నోటీసు పంపిందట. రాజీకి తాము ఏమేం ఇవ్వగలమో, ఎంతదాకా దిగగలమో మేనేజరు గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆయన ఏం చెప్పాడో మాత్రం ఈ కథలో రాదు. ఎందుకు రాదో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఆయన ఊపిరి పీల్చుకున్న చోట మంజుల లేచి నిలబడింది. "సార్, నేను వకీల్‌ను కాదు. లా స్టూడెంట్‌ను. ఇంటర్వ్యూకు వచ్చిన."

హెచ్‌ఆర్ మేడం కాఫీ కప్పు వైపు చూసింది. మేనేజరు ముఖం మొదట తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. "బ్యాండ్ కట్టుకొని మోసం చెయ్యనీకి వచ్చినవా? ఇక్కడ విన్నది ఇక్కడనే మర్చిపో. బయట ఒక్క మాట వినబడొద్దు. మాట ఇయ్యి."

"మాట ఇస్తున్న సార్. తప్పు నాదే" అంది మంజుల. ఇంటర్వ్యూ లేదు, ఏమీ లేదు. ఆమె చౌరస్తా చేరేసరికే కాలేజీకి ఫోను వెళ్ళింది.

మర్నాడు ఉదయ్ కుమార్ టై కూడా సరిగ్గా కట్టుకోలేదు, అంత కోపంగా ఉన్నాడు. "బ్యాండ్ కట్టుకొని ఎవరన్న ఇంటర్వ్యూకు పోతరా? ఎంత తిరిగితె వచ్చిన కంపెనీ అది! ఇగ మన గేటు మొహం చూడమన్నరు" అంటూ డస్టర్ తీసుకొని తెల్లబోర్డు మీద ఆమె పేరు తుడిచేశాడు. "ఇగ నీ పేరు ఈ సెల్‌ల ఉండది."

జిరాక్స్ షాపు పక్క మెట్ల మీద కూర్చొని మంజుల ఏడ్చింది. పేరు పోయినందుకు కొంత, తప్పు నిజంగా తనదే అయినందుకు ఎక్కువ. ఇంకొకరి తప్పయితే వాళ్ళను తిట్టుకొనైనా తేలికపడేది.

సాయంత్రం జ్యోత్స్న ఇడ్లీ పొట్లం తెచ్చి పక్కన కూర్చుంది. "పోనీ తియ్యే. రేపటి నుంచి నాతోని లైబ్రరీకి రా. నోటిఫికేషన్ ఎప్పుడన్న వస్తది."

మంజుల ఇడ్లీ తింటూ ఏదో ఆలోచిస్తోంది. "ఏసీల కూడ ఆయనకు చెమట పట్టిందే" అంది.

"ఎవరికి?"

"ఆ మేనేజర్‌కు. మనోరమ మేడం మనిషి అనుకుంటెనే అంత చెమట పట్టింది. అంటే ఆ మేడం మామూలు వకీల్ కాదు. వాళ్ళు నన్ను ఆమె జూనియర్ అనుకున్నరు గదా, అయితె నేను ఆమె జూనియర్నే అయిత."

జ్యోత్స్న చేతిలో చట్నీ పొట్లం అలాగే ఉండిపోయింది. ఏడ్చి ఏడ్చి దీనికి మతి పోయిందేమో అనుకుంది.

మనోరమ ఇల్లు చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక గల్లీలో ఉంది. మంజుల ఆ గల్లీ ఇంతకు ముందు రెండుసార్లు తిరిగింది కానీ, నేమ్‌ప్లేట్ మీద మల్లెతీగ పడి ఉండటంతో కనబడలేదు. ఈసారి ఇల్లు అడిగి తెలుసుకొని, తీగ పక్కకు జరిపి చదివి గేటు తీసింది. కోటు లేదు, బ్యాండ్ లేదు, మామూలు సల్వార్ కమీజే.

మనోరమ యాభై దాటిన మనిషి. రెండు తరాలుగా చిక్కడపల్లిలోనే ఉన్న కుటుంబం. కళ్ళద్దాలు ముక్కు చివరన పెట్టుకొని, తల ఎత్తకుండానే అడిగింది. "ఎవరు పంపిన్రు?"

చలికాలమంతా విన్న ప్రశ్న అది. మొదటిసారి మంజుల దగ్గర జవాబుంది. "బషీర్‌బాగ్ కంపెనీవాళ్ళు పంపిన్రు మేడం."

మనోరమ తల ఎత్తింది. "ఏ కంపెనీ?"

మంజుల అంతా చెప్పింది. మూట్ కోర్టు అల్మారా, బ్యాండ్, సెక్యూరిటీ లేచి నిలబడటం, ఏసీ గది, నీళ్ళ సీసా, సాసరుతో కాఫీ, ఇద్దరూ ఉరికి రావడం, చెమట తుడుచుకోవడం, ఏదీ వదల్లేదు. మనోరమ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, పైట చెంగుతో కళ్ళు తుడుచుకొని, ఉన్నట్టుండి గొంతు మార్చింది.

"ఏమేం ఇస్తమన్నరు? ఎంతదాక వస్తమన్నరు?"

మంజుల తల అడ్డంగా ఊపింది.

"చెప్పమ్మా."

"అది చెప్పను మేడం. బయట చెప్పనని మాట ఇచ్చిన."

"నాకు చేరాలనే చెప్పిన మాటనే గదా అది. నా మనిషివనుకునే చెప్పిన్రు."

"నేను బ్యాండ్ కట్టకపోతె నాకు చెప్పకపోదురు మేడం. నా తప్పుతోని వాళ్ళు నోరు జారిన్రు. ఆ తప్పును అమ్ముకొని కొలువు తెచ్చుకోను."

"కొలువు కావాల్నా, వద్దా?"

"కావాలె మేడం. ఇది దొరకకుంటె పరీక్షలైనంక నేను ఊరికి పోవాలె. ఇగ కోర్టు ఉండది నాకు. అయినా చెప్పలేను."

"అవతల ప్రహ్లాద్ కొలువు పోయి ఇంట్ల కూసున్నడు. వాని గురించి జర సోంచాయించినవా?"

ఆ మాట మాత్రం గుచ్చుకుంది. ఆ ప్రహ్లాద్‌ను మంజుల చూడలేదు. కానీ కోర్టు వరండాలో "ఏమైంది సారూ?" అంటూ వెంటపడిన తండ్రి కళ్ళముందు కనబడ్డాడు. ఒక్క క్షణం నోటి దాకా వచ్చింది, చెప్పేద్దామా అని. మింగేసింది. దండం పెట్టి, తిరిగి గుమ్మం దాకా నడిచింది. ఇంతదూరం వచ్చి చేజేతులా పోగొట్టుకున్నాననే అనుకుంది.

"కూర్చో" అంది వెనక నుంచి మనోరమ.

మంజుల నిలబడిపోయింది.

"కూర్చోమన్న గదా. కేసు గెలుస్తమనుకునేటోడు అవతలి వకీల్‌కు సాసర్ల కాఫీ పొయ్యడు. ఇద్దరిద్దరు ఉరికి రారు, ఏసీల చెమట తుడుచుకోరు. వాళ్ళు ఎంత భయపడ్డరో, నేను ఎంతదాక పట్టుపట్టొచ్చో నాకు తెలిసిపాయె. అదంతా ఎవరు చెప్పిన్రు? నువ్వే. నేను అడగకముందే."

మంజులకు అప్పుడు తెలిసింది. మాట నిలబెట్టుకున్నాననుకుంటూ, కాఫీ కప్పుతో సహా సగం ఈవిడ చేతిలో పెట్టేసింది.

"నోరు మూసుకునుడు నీకు సగమే వచ్చు" అంది మనోరమ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ. "ఆ సగం కూడ శానమందికి రాదు. మిగిలింది నేను నేర్పిస్త. సోమవారం సాయంత్రం రా. ప్రహ్లాద్ ఫైల్ మాత్రం నువ్వు ముట్టేది లేదు. ఆ బ్యాండ్ కాలేజీల వాపస్ ఇచ్చెయ్, ఎన్‌రోల్ అయినంక నీది నువ్వు కట్టుకుందువు."

అలా మొదలైంది. పగలు కాలేజీ, సాయంత్రం చిక్కడపల్లి. కేసు కట్టలు విప్పడం, కట్టడం, వాయిదాలు రాయడం, మేడం చెబుతుంటే డ్రాఫ్టులు రాయడం, చివాట్లు తినడం. మనోరమ చివాట్లు మామూలువి కావు, గల్లీ చివరిదాకా వినబడేవి. మంజుల రెండు చెవులతోనూ విని, రాసింది చింపి మళ్ళీ రాసేది. ప్రహ్లాద్ వచ్చినప్పుడు అతనికి మంచినీళ్ళు ఇచ్చి లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. అతను దిగాలుగా కూర్చొని ఉండేవాడు. వేసవి రాకముందే అతను బాదుషాల డబ్బాతో నవ్వుకుంటూ వచ్చాడు. రాజీలో ఏమేం వచ్చాయని ఆమె ఆ రోజు కూడా అడగలేదు. బాదుషా మాత్రం రెండు తిన్నది.

పరీక్షలయ్యాక మొగిలయ్య కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చాడు. కాచిగూడలో రైలు దిగి హాస్టల్‌కు వెళ్తే, జ్యోత్స్న ఆయన్ను చిక్కడపల్లికి తీసుకొచ్చి దిగబెట్టింది. జీతం సరిగ్గా లేని ఈ కొలువు కొలువే కాదని, ఇంటికి రమ్మని చెప్పాలనే వచ్చాడాయన. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఆశమ్మ అనే ముసలామె ఏడుపు ముఖంతో కూర్చొని ఉంది. ముషీరాబాద్‌లో ఆమె ఉంటున్న ఇంటి మీద కేసు నడుస్తోంది. పొద్దున కోర్టులో మేడం వెనక కూర్చొని చూసిన మంజుల, ఆమె ముందు కింద కూర్చొని చెబుతోంది.

"అవ్వా, ఇయ్యాల ఏమైందంటె, అవతలోళ్ళు కాగితాలు తెస్తమని టైం అడిగిన్రు. జడ్జిగారు ఇచ్చిన్రు. గంతే, నువ్వు ఓడిపోలేదు. తీర్పు వచ్చేదాక నిన్ను ఇంట్లకెళ్ళి ఎవ్వరు ఎల్లగొట్టలేరు. వచ్చే వాయిదాకు నువ్వు రాకపోయినా నడుస్తది, మేము ఉంటం. సమజైందా? మళ్ళీ చెప్పాల్నా?"

"మళ్ళొక్కపారి చెప్పు బిడ్డా" అంది ఆశమ్మ. మంజుల మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

మొగిలయ్య వరండాలో కూర్చొని రెండుసార్లూ విన్నాడు. ముసలామె కళ్ళు తుడుచుకొని వెళ్ళిపోయాక మంజుల బయటికొచ్చి తండ్రిని చూసి బిత్తరపోయింది. "ఎప్పుడొచ్చినవు బాపూ? నేను పెట్టె సర్దుకోలేదు ఇంకా" అంది.

"సర్దకు" అన్నాడు మొగిలయ్య. "బడోళ్ళకు నేను చెప్పుకుంట తియ్యి. మన గట్టు కేసు వాయిదా వచ్చే నెలున్నది, నువ్వు కూడ రా. ఏమైందో చెప్పుదువు." ఆ సాయంత్రం రైలుకు ఆయన ఒక్కడే వెళ్ళిపోయాడు.

శ్రావణం దాటాక మంజుల అడ్వకేటుగా ఎన్‌రోల్ అయింది. సొంత కోటు, సొంత బ్యాండ్. జ్యోత్స్న ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది, చూసినవాళ్ళంతా లైకులు కొట్టారు. ఆ ఫొటో ఎక్కడెక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు, కొన్నాళ్ళకు నారాయణగూడ చౌరస్తాలో తేలింది.

అడ్మిషన్ల కాలం అది. మన ఊళ్ళో పుట్టినరోజుకూ ఫ్లెక్సీయే, కాలేజీ సీట్లకూ ఫ్లెక్సీయే. కోర్టు నుంచి వస్తూ బస్సు దిగిన మంజులకు తన ముఖమే మనిషంత ఎత్తున ఎదురైంది. మెడలో బ్యాండ్, పైన కాలేజీ పేరు, కింద పెద్ద అక్షరాలు: మా ప్లేస్‌మెంట్ సెల్ ద్వారా స్థిరపడిన మా విద్యార్థిని. డస్టర్‌తో పేరు తుడిచేసిన సెల్! మంజులకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోటు మీదే, ఆ బ్యాండ్ మీదే విసవిసా గల్లీలోకి నడిచి, మెట్లెక్కి, ప్లేస్‌మెంట్ సెల్ తలుపు తోసింది. ఇప్పుడే ఆ ఫ్లెక్సీ దింపించాలని, దింపేదాకా అక్కడే నిలబడాలని వచ్చింది.

ఉదయ్ కుమార్ ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. టై సర్దుకున్నాడు. "రండి మేడం, రండి. కూర్చోండి. నీళ్ళు తాగుతరా?" అంటూనే కిందికి కేకేసి రెండు కాఫీలు చెప్పాడు. "సాసర్ల తెండ్రి" అని కూడా అన్నాడు.

కాఫీ అన్న మాట చెవిన పడగానే మంజుల కోపం ఒక్కసారిగా చల్లబడింది. మనోరమ మేడం చెప్పింది గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. కాఫీ పోస్తున్నాడంటే భయపడుతున్నాడు. భయపడుతున్నాడంటే అడిగింది ఇస్తాడు. అలాంటప్పుడు ఒక ఫ్లెక్సీ దింపించుకొని పోవడమేమిటి, తెలివితక్కువ బేరం. నెమ్మదిగా కుర్చీ లాక్కొని కూర్చుంది.

"ఫ్లెక్సీ గురించే వచ్చిన్రు కదా మేడం. ప్రిన్సిపాల్ సార్ పెట్టమన్నరు. తీసేయమంటె తీసేయిస్త, గని జర అడ్మిషన్లు..."

"తియ్యొద్దు సార్. ఉండనీండ్రి" అంది మంజుల. "గని అండ్ల రాసింది అబద్ధం. దాన్ని నిజం చెయ్యాలె."

ఉదయ్ కుమార్‌కు అర్థం కాలేదు.

"ప్రతి శనివారం సాయంత్రం ఈ గదిల నాకొక కుర్చీ కావాలె. కోర్టుకు పోవాలనుకునే పిల్లలను నా దగ్గరికి పంపుండ్రి. 'కోర్టు అనొద్దు' అని వాళ్ళకు చెప్పొద్దు. చిక్కడపల్లిల ఏ గేటు తియ్యాల్నో, ఏది తియ్యొద్దో నాకు తెలుసు. మా మేడంతోని మాట్లాడి, ఇంకో నలుగురు సీనియర్లను ఒప్పించి, నేనే ఆఫీసులకు పంపుత. బ్యాండ్ కట్టుకోకుండ" అని ఆగి నవ్వింది. "ఆడ 'ఎవరు పంపిన్రు' అని అడుగుతరు సార్. తప్పకుండ అడుగుతరు. మంజుల పంపింది అని చెప్తరు."

ఉదయ్ కుమార్ లేచి, డస్టర్ పక్కకు జరిపి, తెల్లబోర్డు మీద మార్కర్‌తో శనివారం అని రాసి, దాని కింద ఆమె పేరు రాశాడు.

కాఫీలు వచ్చాయి. మంజుల సాసరు దగ్గరికి లాక్కొని, ఈసారి కప్పు ఖాళీ అయ్యేదాకా తీరిగ్గా తాగింది.